జీతం సరిగ్గా ఇస్తే చాలదా? మనిషిగా కూడా చూడాలా?

కాగితంపడవ:
చాలా రోజులుగా మనసులో నలుగుతోంది, ఇక్కడ అడుగుతున్నాను. నాన్న పోయాక రెండు వారాల సెలవు పెట్టి, మళ్లీ ఆఫీసుకి వెళ్లాను. సీట్లో కూర్చునేలోపే మేనేజర్ వచ్చి "ఆ రిపోర్ట్ ఎక్కడిదాకా వచ్చింది" అన్నారు. అంతే. గడువు దగ్గరపడిందని నాకూ తెలుసు, కానీ "ఎలా ఉన్నావు" అని ఒక్క మాట అడగడానికి ఎంతసేపు పడుతుంది? ఒకటో తారీఖుకల్లా జీతం పడుతుంది, పోయినేడాది మంచి హైక్ ఇచ్చారు, అందుకే ఇంట్లో చెప్తే "ఇంకేం కావాలి" అంటున్నారు. నిజంగానే ఇంకేం అడగకూడదా? సూటిగా చెప్పండి.

ఒప్పందం:
మీ నాన్నగారి సంగతి విని బాధేసింది. సూటిగా చెప్పమన్నారు కాబట్టి చెప్తున్నా, ఆఫీసు నుంచి ఆప్యాయత ఆశిస్తే చివరికి నష్టపోయేది మనమే. నేను ఇదివరకు పనిచేసిన చోట "మనమంతా ఒకే కుటుంబం" అనేవాళ్లు. ఆ చనువుతోనే ఆదివారాలు పిలిపించేవాళ్లు, ఓవర్‌టైమ్ డబ్బులు అడిగితే "ఇంట్లోవాళ్ల దగ్గర లెక్కలేంటి" అనేవాళ్లు. లేఆఫ్‌లు వచ్చినప్పుడు మాత్రం నలభై మందికీ కలిపి ఒకే మెయిల్. చెప్పిన జీతం ఇచ్చి, చెప్పిన టైముకి ఇంటికి పంపి, మర్యాదగా మాట్లాడితే నాకు చాలు.

రెండోషిఫ్ట్:
ఒప్పందం గారూ, ఆ మర్యాదే కదండీ మాకు దొరకనిది. నేను కాంట్రాక్ట్ మీద ఒకే ప్లాంట్‌లో నాలుగేళ్లు చేశాను, నా పేరు ఎవరికీ తెలీదు, "కాంట్రాక్ట్ వాళ్లని పిలవండి" అంటే అందులో నేనూ ఉన్నట్టు. ఒకసారి మెషీన్ శబ్దం మారింది, బేరింగ్ పోయేలా ఉందని ఇద్దరికి చెప్పాను, "నీ పని నువ్వు చూసుకో" అన్నారు. కొత్తగా వచ్చిన సూపర్‌వైజర్ ఒకాయన మాత్రం నా పేరు అడిగి, పక్కన నిలబడి రెండు నిమిషాలు విని, మెషీన్ ఆపించాడు. విప్పి చూస్తే బేరింగ్ అరిగిపోయి ఉంది. ఆయన నన్ను పొగడలేదు, జీతం పెంచలేదు, పెంచే అధికారం ఆయనకి లేదు కూడా. కానీ ఆ రోజు ఇంటికెళ్లి మా ఆవిడకి ఆ సంగతి మూడుసార్లు చెప్పాను.

పాతలెక్క:
దీనిమీద ఎప్పటినుంచో పరిశోధన ఉంది. అమెరికన్ మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ బృందం సుమారు 200 మంది ఇంజనీర్లు, అకౌంటెంట్లని పనిలో బాగా సంతోషపడ్డ సందర్భాలు, బాగా బాధపడ్డ సందర్భాలు చెప్పమని అడిగి, 1959లో ఫలితాలు ప్రచురించింది. ఏదైనా సాధించడం, గుర్తింపు, బాధ్యత లాంటివి సంతోషం కథల్లో ఎక్కువగా వచ్చాయి. కంపెనీ రూల్స్, పైవాళ్ల తీరు బాధ కథల్లో వచ్చాయి. జీతాన్ని ఆయన ఈ రెండో వైపే పెట్టారు, అంటే తక్కువైతే మనిషి కుమిలిపోతాడు, సరిపడా ఉన్నంతమాత్రాన పని మీద ఇష్టం పుట్టదు. మంచి జరిగితే మన గొప్ప, చెడు జరిగితే ఎదుటివాళ్ల తప్పు అని చెప్పుకోవడం మన అలవాటు కదా అని ఈ పద్ధతిని విమర్శించినవాళ్లూ ఉన్నారు, ఆ మాటలో నిజముంది. అయితే నాకు ఇంతకన్నా గట్టిగా అనిపించేది 1944 నాటి ఫిలడెల్ఫియా ప్రకటన. అంతర్జాతీయ కార్మిక సంస్థ అందులో శ్రమ సరుకు కాదని రాసుకుంది, మనుషులందరి హక్కుగా గౌరవాన్నీ ఆర్థిక భద్రతనీ ఒకే వాక్యంలో పెట్టింది. ఏదో ఒకటే తీసుకోమనలేదు.

నడిమెట్టు:
నా కింద 14 మంది ఉన్నారు. కాగితంపడవ గారూ, మీ మేనేజర్‌ని వెనకేసుకురావట్లేదు, కానీ దుఃఖంలో ఉన్న మనిషితో ఏం మాట్లాడాలో తెలియక పని మాట ఎత్తేవాళ్లూ ఉంటారు. నేనూ అదే చేశాను. మా టీమ్‌లో ఒకావిడ ఆపరేషన్ అయి వచ్చిన రోజే పెండింగ్ లిస్ట్ చేతిలో పెట్టాను. మూడు నెలలకి ఆవిడ రాజీనామా చేస్తూ ఆ రోజు గురించే చెప్పారు. ఇప్పుడు సెలవు నుంచి ఎవరొచ్చినా ముందు కూర్చుని మాట్లాడతాను, పైనుంచి ఎంత టెన్షన్ ఉన్నా సరే.

ఒప్పందం:
మీలాంటివాళ్లు ఉంటే సంతోషమే. మరి రేపు మీరు బదిలీ అయితే ఆ 14 మంది గతేంటి? మేనేజర్ మంచితనం మీద ఆధారపడ్డది హక్కు అవదు. ఏదైనా రూల్‌గా రాసి ఉండాలి అనేదే నా వాదన.

కాగితంపడవ:
నా సెలవు రూల్‌లో ఉంది, ఇచ్చారు, ఒక్కరోజు జీతం కూడా కోయలేదు. అది లేకపోతే ఇంకా నలిగిపోయేదాన్ని, ఆ విషయంలో మీ మాట కాదనను. కానీ తిరిగొచ్చాక నేను ఎదురుచూసిన మాట ఏ రూల్‌లో రాస్తారు? రెండోషిఫ్ట్ గారి మాటలు చదివాక నాకు కాస్త ధైర్యం వచ్చింది. ఇందాకే మేనేజర్‌ని పది నిమిషాల టైమ్ అడిగాను. "రిపోర్ట్ గురించా" అన్నారు. కాదండీ అన్నాను. సోమవారం రమ్మన్నారు.