కరెంటు షాక్ తగిలి ఎత్తు నుంచి పడిన రోగి: క్యాజువాలిటీలో ముందుగా ఏమి చూడాలి?

ప్రశ్న (స్టాఫ్ నర్సు, క్యాజువాలిటీ)

అందరికీ నమస్కారం. పోయిన వారం రాత్రి, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఎక్కి ఫ్యూజు వేయబోయి షాక్ తగిలి కింద పడిన ఒక రైతును 108లో మా ఆసుపత్రికి తీసుకువచ్చారు. కుడి అరచేయి నల్లగా మాడిపోయి ఉండడంతో మా అందరి దృష్టీ ఆ చేతి మీదే నిలిచింది. నాడి 128, బీపీ 86/54 ఉన్నా, అది కాలిన గాయం వల్లనేనని భావించి సెలైన్ వేగం పెంచాము. గంట తరువాత పొట్ట బిగుసుకుపోయింది. ప్లీహం చిట్లిందని స్కానింగ్‌లో తేలింది. ఆయన కోలుకుంటున్నారు గాని, ఆ గంట నా మనసును వదలడం లేదు. ఇటువంటి రోగిని ఏ క్రమంలో చూడాలో దయచేసి వివరించగలరు.

జవాబు (ట్రామా వార్డు హెడ్ నర్సు)

సిస్టర్, కాలిన గాయం కళ్లను కట్టేస్తుంది. అందుకే దానిని కాసేపు పక్కన పెట్టడం మనం అభ్యాసం చేసుకోవలసిన విషయం. పడిన రోగి కనుక మెడను కదలనివ్వకుండా కాలర్ వేసి, శ్వాసమార్గం, ఊపిరి, రక్తప్రసరణ, స్పృహ అన్న క్రమంలో చూసి, ఆ తరువాతే బట్టలు పూర్తిగా తొలగించి, వీపు కూడా పరీక్షించి, వెంటనే వెచ్చగా కప్పాలి. కాలిన గాయాల వల్ల వచ్చే షాక్ (కరెంటు షాక్ కాదు, రక్తప్రసరణ పడిపోయే స్థితి) కొన్ని గంటల మీద ముదురుతుంది. కాబట్టి వచ్చీ రాగానే బీపీ పడిపోయి ఉంటే, ఛాతీలోనో, పొట్టలోనో, కటి ఎముకల దగ్గరో, తొడలోనో రక్తస్రావం ఉందని అనుమానించి, ఆ మాటను డాక్టరుగారికి స్పష్టంగా చెప్పాలి. రెండు పెద్ద క్యాన్యులాలు (సిరలోకి పెట్టే గొట్టాలు) పెట్టి, రక్తం గ్రూపింగ్‌కు, క్రాస్‌మ్యాచింగ్‌కు (ఎక్కించే రక్తం సరిపడుతుందో చూసే పరీక్ష) వెంటనే పంపాలి. కరెంటు గుండె లయను దెబ్బతీయగలదు కనుక మానిటర్ తగిలించి, ఈసీజీ తీయాలి.

జవాబు (బర్న్స్ యూనిట్ నర్సు)

మేడంగారు చెప్పినదానికి ఒక మాట చేరుస్తాను. కరెంటు గాయంలో చర్మం మీద కనిపించేది కొద్దిగానే ఉన్నా, లోపల కండరాలు ఎక్కువగా దెబ్బతిని ఉండవచ్చు. అందువల్ల కాలిన చర్మం శాతం లెక్కగట్టి ఇచ్చే ద్రవాలు చాలకపోవచ్చు. మామూలు కాలిన గాయాలలో పెద్దలకు గంటకు శరీర బరువులో కిలోకు 0.5 మి.లీ. మూత్రం వస్తే సరిపోతుంది గాని, కండరం చితికి మూత్రం ఎర్రగా గాని, కాఫీ రంగులో గాని వస్తుంటే, గంటకు సుమారు 100 మి.లీ. వచ్చేలా డాక్టరుగారి ఆదేశం మేరకు రింగర్ లాక్టేట్ (సిరలోకి ఎక్కించే లవణ ద్రవం) ఇస్తాము. ఉంగరాలు, కాశీతాడు, మొలతాడు వాపు రాకముందే తీసివేయాలి. ముంజేయి బిగుసుకుపోయి, వేళ్లను మెల్లగా చాపితే భరించలేని నొప్పి అంటుంటే, నాడి అందుతున్నా సరే, సర్జన్‌ను వెంటనే పిలిపించండి. నాడి పోయేదాకా ఆగితే చేయి దక్కకపోవచ్చు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మూత్రం కొలవడానికి కాథెటర్‌ను (మూత్రాశయంలోకి వేసే గొట్టం) రోగి రాగానే వేయవచ్చునా?

జవాబు (ట్రామా వార్డు హెడ్ నర్సు)

తొందరగానే వేయాలి, కాని పడిన రోగి కనుక ముందు మూత్రద్వారం వద్ద రక్తం ఉందేమో చూడండి. ఉంటే మూత్రం బయటకు వచ్చే నాళం (యురెత్రా) తెగి ఉండవచ్చు. కాథెటర్ వేయకుండా డాక్టరుగారికి చెప్పండి.