వరద దిగాక భూగర్భ కేబుళ్లు: తవ్వి బాగుచేయాలా, స్తంభాలకు లాగేయాలా?

జ్ఞానాపురం కుర్రాడు:
వాన వెలిసి తొమ్మిది రోజులు. మా వీధిలో ఫోన్ కేబుళ్లు కలిపే గుంత, ఆ చాంబర్‌లో నీళ్లు అలాగే ఉన్నాయి. ల్యాండ్‌లైన్ ఎత్తితే గరగర, మధ్యలో ఎవరిదో మాట. స్తంభాలకు తీగ లాగేస్తే ఒక్క పూట పని. భూమిలో పాతడం ఎందుకసలు?

పాత జాయింటర్:
బాబూ, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన విశాఖ దగ్గరే తీరం దాటింది. స్తంభాలెలా పడ్డాయో చూశాం. ఆ తర్వాతే కదా కరెంటు తీగల్ని కూడా ప్రపంచ బ్యాంకు సాయంతో భూమిలోకి దించింది. నీ గరగర కేబుల్ ముక్కలు కలిపిన జాయింటుది. తడి చేరితే ఇన్సులేషన్ పడిపోయి పక్క పెయిర్ (ఒక్కో ఫోనుకు ఉండే రెండు తీగల జత) మాట ఇటు దూకుతుంది.

జ్ఞానాపురం కుర్రాడు:
కేబుల్‌లో జెల్లీ ఉంటుందిగా మాస్టారూ! మరి నీళ్లెలా వెళ్తాయి?

పాత జాయింటర్:
జెల్లీ ఉన్నది కేబుల్ పొడవునా నీరు పాకకుండా. జాయింటు దగ్గర తీగలు కలపాలంటే దాన్ని తుడిచేస్తాం. జాయింటు పైన తొడిగే స్లీవ్ సరిగా అతక్కపోతే నీరు చేరేది అక్కడే. నీళ్లు తోడి టేపు చుట్టి వెళ్లిపోతే మళ్లీ అదే గోల, లోపల రాగికి చిలుము పట్టేసి ఉంటుంది. తడిసినమేర కోసి, కొత్త ముక్క వేసి, రెండు చివరలా జాయింటు కట్టాలి. నూరు పెయిర్ల కేబులంటే ఒక్కో చివర రెండొందల తీగలు.

ఎంవీపీ కాలనీ:
ఫైబర్ పెట్టించుకోండి. నీటికి ఏమీ కాదు.

మధురవాడ ఫైబర్:
తడిస్తే వెంటనే వెలుగు ఆగదు, నిజమే. కానీ కాలువ పూడిక తీసే జేసీబీ తగిలితే? ఓటీడీఆర్ (ఫైబర్‌లోకి వెలుగు పంపి కొలిచే పరికరం) పెడితే తెగిన దూరం చూపిస్తుంది. అది కేబుల్ పొడవు. చాంబర్లలో చుట్టిపెట్టిన అదనపు కేబుల్ పొడవును లెక్కలోంచి తీసేయకుండా తవ్వితే రోడ్డు పాడవడమే.

జ్ఞానాపురం కుర్రాడు:
స్లీవ్ సరిగా వేయనిది మీ వాళ్లే కదా మాస్టారూ! మా అమ్మకు ఆయాసం. నాది నైట్ షిఫ్టు. సెల్లు నొక్కడం ఆవిడకు రాదు, ఆ ఫోనే ఆధారం. మూడుసార్లు కంప్లైంట్ పెట్టాను. మూడుసార్లూ ‘పరిష్కారమైంది’ అని మెసేజ్!

పాత జాయింటర్:
మా వాళ్లా? మా బావమరిది ఇలాంటి చాంబర్‌లోనే స్పృహ తప్పాడు. మురుగు కలిసిన నీళ్లు. మూత తీసి గాలి ఆడనివ్వలేదు, బ్లోయర్ లేదు, పైన తోడు మనిషి లేడు. సాయంత్రానికి లైను రావాలని కాంట్రాక్టరు ఒకటే ఒత్తిడి. ‘ఒక్క పూట పని’ అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

జ్ఞానాపురం కుర్రాడు:
ఎవర్నీ ప్రాణం మీదకు తెచ్చుకోమనలేదండీ. మెరక వీధులకు రెండో రోజే ఫోన్లొచ్చాయి. పల్లంలో ఉన్నోళ్లం ప్రతిసారీ ఆఖరే. నా బాధ అది.

పాత జాయింటర్:
కాలువ తీయకుండా చాంబర్ తోడితే గంటలో మళ్లీ ఊరుతుంది. అందుకే ఆఖరు.

జ్ఞానాపురం కుర్రాడు:
అదే ముక్క ఇంటికొచ్చి చెప్పొచ్చుగా? అమ్మను అక్కావాళ్లింట్లో దింపేవాణ్ని.

పాత జాయింటర్:
చెప్పాల్సిందే. ఆ మెసేజ్ పంపినవాడిది తప్పే. స్తంభాలకు మాత్రం నేనొప్పుకోను. మీ చాంబర్ పక్క కాలువ ఇంకా పొర్లుతోందా?

జ్ఞానాపురం కుర్రాడు:
పొర్లుతోంది.