విశ్వాసాన్ని "పంచుకోవడం" తెలుగేనా?

కొత్తపేట, గుంటూరు:
అందరికీ నమస్కారం. సందేహం చిన్నదే కానీ ఎల్లుండిలోపు తేలాలి. వచ్చే ఆదివారం మా చర్చి సంఘంలో యువతకి ఒక పూట కూడిక పెట్టుకున్నాం. ఆఫీసులో, కాలేజీలో, అపార్ట్‌మెంట్‌లో తమ విశ్వాసం గురించి నోరు విప్పడానికి మన పిల్లలు మొహమాటపడుతున్నారు, కాస్త ధైర్యం చెప్పాలి అన్నది ఉద్దేశం. ఫ్లెక్సీ మీద ఏం రాయాలో తేల్చే పని నాకు అప్పగించారు. సండే స్కూల్లో పాఠాలు చెబుతాను కదా, తెలుగు బాగా వచ్చనుకున్నట్టున్నారు.

"మీ విశ్వాసాన్ని పంచుకోండి" అని రాసి ఇంట్లో చూపించాను. మా మామగారు కళ్లజోడు సవరించుకుని "ఎన్ని వాటాలమ్మా?" అన్నారు. ఆయన రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర ముప్పై ఏళ్లు దస్తావేజులు రాసిన మనిషి. పంచుకోవడం అంటే ఆయనకి పొలమే గుర్తొస్తుంది. నవ్వుకున్నాం గానీ ఆ మాట నన్ను వదల్లేదు. విశ్వాసాన్ని పంచుకుంటామా? ప్రకటిస్తామా? చెబుతామా? మీరేమంటారు?

బ్రాడీపేట మాస్టారు:
మీ మామగారికి నా నమస్కారం చెప్పమ్మా. పట్టుకోవాల్సిన చోటే పట్టుకున్నారు. పంచు, పంచిపెట్టు, పంచుకొను, ఈ మూడూ ఒకటి కాదు. గుడిలో ప్రసాదం పంచిపెడతారు, పంచేవాడికి చివరికి మిగలకపోవచ్చు కూడా. అన్నదమ్ములు ఆస్తి పంచుకుంటారు. ఆ "కొను" ఉంది చూశావూ, వండుకొను, తెచ్చుకొను అన్నట్టు, పని చేసేవాడికి కూడా అందులో ఏదో దక్కాలి. అందుకని "పంచుకోండి" అంటే వ్యాకరణం ప్రకారం మీ వాటా మీకు ఉండనే ఉంటుంది, భయం లేదు. "కష్టసుఖాలు పంచుకోవడం" మనకి పాతదే. "అభిప్రాయం పంచుకున్నారు", "ఆలోచన పంచుకున్నారు" అని అన్నిటికీ తగిలించడం మాత్రం పత్రికలూ టీవీలూ ఇంగ్లీషు చూసి నేర్పినది. తప్పు అనను. ఉప్పు లేని మాట అంటాను.

పటమట:
మాస్టారూ, మా తరానికి పంచుకోవడం అంటే షేర్ బటన్. పొద్దున్నే వాక్యం ఫార్వర్డ్ చేసి, సువార్త పని అయిపోయిందని టిఫిన్‌కి కూర్చుంటాం. నాతో కలిపే చెబుతున్నా.

తెనాలి:
అక్కా, బైబిల్లో ఈ భావానికి దగ్గరగా ఒక అచ్చ తెలుగు మాట ఉంది. ఫిలేమోను పత్రిక (ఉత్తరమన్నమాట) 6వ వచనంలో "ఇతరులు నీ విశ్వాసమందు పాలివారగుట" అని వస్తుంది. పాలివారు! మా తెనాలి వైపు పాలివాళ్లంటే దాయాదులు. చిన్నప్పుడు ఆ వచనం చదివినప్పుడల్లా గట్టు తగాదాలే గుర్తొచ్చేవి.

బ్రాడీపేట మాస్టారు:
భేషైన మాట తెచ్చావమ్మా. పాలు అంటే వాటా. పాలివాడు వాటా ఉన్నవాడు, అందుకే దాయాది. అయితే పాలివాళ్లకి ఆస్తిలోనే కాదు, మైలలో కూడా వాటా ఉంటుంది. ఆ ఇంట్లో ఎవరైనా పోతే ఈ ఇంట్లోనూ పది రోజులు పండగ చేసుకోరు. గట్టు దగ్గర కొట్టుకున్నా సరే. ఆ అనువాదకులు తెలిసి వేశారో తెలియక వేశారో గానీ, ఒకరిని విశ్వాసంలో పాలివాడు అన్నామంటే వాడి ఏడుపులో కూడా మనం కూర్చోవాలన్నమాట. కరపత్రం చేతిలో పెట్టి వెళ్లిపోతే పాలివాడు కాడు.

గుణదల, విజయవాడ:
మా కతోలిక సంఘాల్లో "సువార్త"తో పాటు "సువిశేషం" అనే మాట వాడతాం. పూజలో "సువిశేష పఠనం" అంటాం. నాకు ఆ మాటే ఇష్టం. ఎందుకంటే ఎవరు కనపడినా మనం అడిగేది "ఏంటి విశేషాలు?" అనే కదా. కొత్తగా పెళ్లయిన పిల్లని "ఏమైనా విశేషమా?" అని అడిగితే దాని అర్థం మీ అందరికీ తెలుసు. గబ్రియేలు దూత మరియమ్మ దగ్గరికి తెచ్చిన కబురు సరిగ్గా ఆ విశేషమే! ఫిబ్రవరిలో మా మేరీమాత కొండ దగ్గర తిరునాళ్లకి వచ్చే జనాన్ని చూస్తే, కొబ్బరికాయ కొట్టేవాళ్లూ కొవ్వొత్తి పెట్టేవాళ్లూ పక్కపక్కనే ఉంటారు. అక్కడ ఒకరినొకరు పలకరించుకునే మొదటి మాట కూడా అదే, "ఏ ఊరు, ఏంటి విశేషాలు?"

కొత్తపేట, గుంటూరు:
గుణదల అన్నయ్యా, ఈ విశేషం సంగతి మా పిల్లలకి చెబితే నవ్వి చస్తారు. గుర్తు మాత్రం పెట్టుకుంటారు.
గ్రీకులో "యుఅంగెలియోన్" అంటే మంచి కబురు. మన "సువార్త" దానికి మాటకి మాటగా సరిపోతుంది, సు అంటే మంచి, వార్త అంటే వార్త. కాకపోతే వార్తల ఛానళ్ల పుణ్యమా అని ఆ "వార్త" కాస్త కేకలేసే మాట అయింది. మా అమ్మమ్మ అయితే "చల్లని కబురు చెప్పావే తల్లీ" అనేది. సామెతలు 25:25 కూడా అలాగే ఉంటుంది, "దప్పిగొనినవానికి చల్లని నీరు ఎట్లుండునో దూరదేశమునుండి వచ్చిన శుభసమాచారము అట్లుండును." మే నెలలో గుంటూరులో చదవాల్సిన వచనం అది.

గవర్నర్‌పేట వకీలు:
నేను మాటల మనిషిని కాదు, చట్టం వైపు నుంచి ఒక ముక్క. ఫ్లెక్సీ మీద "ప్రచారం" అని మాత్రం రాయకండి. తప్పని కాదు. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని అవలంబించడానికి, ఆచరించడానికి, ప్రచారం చేసుకోవడానికి అందరికీ స్వేచ్ఛ ఇచ్చింది, శాంతిభద్రతలకు, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి. ఆ ప్రచారం అంటే ఏమిటో 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. తన మతంలోని విషయాల్ని వివరించి ఎదుటివారికి తెలియజెప్పడం, అంతవరకే. ఎదుటివాణ్ణి మతం మార్చే హక్కు అందులో లేదని తేల్చింది. అంటే చెప్పడం నీ హక్కు, తీసుకోవడం మానడం వాడి ఇష్టం. ఇంత ఉన్నా మన ఊళ్లో "ప్రచారం" అనగానే ఆటో మీద మైకు, ఎలక్షన్లు, సినిమా రిలీజ్. ఆ వాసన వదలదు.

లక్ష్మీపురం పెద్దాయన:
అందరూ ఇలా మాటలు ఏరుకుంటూ కూర్చుంటే పని ఎవరు చేస్తారయ్యా? "ప్రకటించు" అనే మాటకి ఏం తక్కువైంది? మార్కు 16:15 చూడండి, "మీరు సర్వలోకమునకు వెళ్లి సర్వసృష్టికి సువార్తను ప్రకటించుడి." రోమా 10:14లో పౌలు అడుగుతాడు, "ప్రకటించువాడు లేకుండ వారెట్లు విందురు?" నా చిన్నతనంలో బైబిల్ ఉమన్ అని ఒక పెద్దావిడ, చేతిసంచీ, గొడుగు, ఎండ లేదు వాన లేదు, గడప గడపకీ తిరిగేది. మా నాయనమ్మకి అక్షరాలు నేర్పింది ఆవిడే. 1842లో మిషనరీ హయ్యర్ గారు గుంటూరు వచ్చినప్పుడు రమ్మని ఎవరడిగారు?

పటమట:
పెద్దాయనా, కోపం తెచ్చుకోకండి. అడిగారండీ. అప్పటి కలెక్టర్ స్టోక్స్ గారు పిలిస్తేనే గుంటూరులో దిగారు.

లక్ష్మీపురం పెద్దాయన:
కలెక్టర్ అడిగాడు. ఊరు అడగలేదు. (బాగానే పట్టుకున్నావ్ లే.)

బ్రాడీపేట మాస్టారు:
పెద్దాయన మాట కొట్టిపారేయలేం. పంచుకోవడానికీ ప్రకటించడానికీ మధ్య ఒక మాట ఉంది, మీ వాళ్లు రోజూ వాడేదే, సాక్షి. పాణిని దీనికి ప్రత్యేకంగా ఒక సూత్రమే చేశాడు, "సాక్షాద్ద్రష్టరి సంజ్ఞాయామ్" అని. సాక్షాత్తూ చూసినవాడు సాక్షి. విన్నవాడు కాదు, చదివినవాడు కాదు. అగ్నిసాక్షి, మనస్సాక్షి అన్నీ అక్కణ్ణించే.

నేను క్రైస్తవుణ్ణి కాను, ఈ గుంపులో చాలామందికి తెలుసు. అయినా ఒక సంగతి చెప్పాలి. స్కూల్లో నా పక్క కుర్చీలో ఇరవై రెండేళ్లు ఒక లెక్కల మాస్టారు కూర్చున్నారు. కేరేజీ విప్పేముందు అర నిమిషం కళ్లు మూసుకునేవారు. నాకు గుండె ఆపరేషన్ అయినప్పుడు రోజూ సాయంత్రం ఆసుపత్రికి వచ్చి, ఏమీ మాట్లాడకుండా స్టూలు మీద కూర్చుని వెళ్లేవారు. పోయిన ఏడాది ఆయన పోయారు. ఆదరణ కూడికకి వెళ్తే వాళ్ల అబ్బాయి చెప్పాడు, ఆ పన్నెండు రోజులూ నాకోసం ఇంటిల్లిపాదీ ఉపవాస ప్రార్థన చేశారట. నాకు ఒక్క మాట చెప్పలేదు. చెబితే నేను బాధపడతాననుకున్నారేమో. ఇరవై రెండేళ్లలో నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఇప్పుడు అడుగుదామంటే మనిషి లేడు.

తెనాలి:
మాస్టారూ... నాది అవతలి వైపు కథ. మా ఆయనకి డయాలసిస్ జరిగిన రోజుల్లో మా బ్యాంకులో క్యాషియర్ అమ్మాయి అడిగింది, "మేడమ్, ఇంత నిబ్బరంగా ఎలా ఉంటున్నారు?" అని. నేను "ఏముందమ్మా, అలవాటైపోయింది" అనేశాను. అబద్ధం. ప్రతి రాత్రీ మోకాళ్ల మీద ఏడిస్తే తెల్లారి వచ్చే నిబ్బరం అది. మతం గురించి మాట్లాడినట్టు ఉంటుందేమోనని, వెనక క్యూ ఉందని, ఎన్నో సాకులు. ఆ రోజు ఇంటికెళ్లాక 1 పేతురు 3:15 తీశాను. "మీలో ఉన్న నిరీక్షణనుగూర్చి మిమ్మును హేతువు అడుగు ప్రతివానికిని సాత్వికముతోను భయముతోను సమాధానము చెప్పుటకు ఎల్లప్పుడు సిద్ధముగా ఉండి." చిన్నప్పటినుంచీ కంఠతా వచ్చిన వచనం. "అడుగు ప్రతివానికిని" అన్న చోట అప్పుడు ఆగాను. ఆ పిల్ల అడిగిందే హేతువు!

కొత్తపేట, గుంటూరు:
తెనాలి అక్కా, ఆ వచనం ఫ్లెక్సీకి పనికొచ్చేలా ఉంది. కానీ మా పిల్లలకి సగం మాటలు అర్థం కావు. "నిరీక్షణ" అంటే వాళ్లకి బస్టాండులో ఎదురుచూడటం. మాస్టారూ, కొంచెం విడమరచరా?

బ్రాడీపేట మాస్టారు:
సంస్కృతంలో నిరీక్షణ అంటే బాగా చూడటం. తెలుగులో అది ఎదురుచూపు అయింది. మీ బైబిలు వాళ్లు దాన్ని ఇంకో మెట్టు ఎక్కించి ఆశ, నమ్మకంతో కూడిన ఆశ అనే అర్థంలో వాడారు. గమనించావా, సాక్షిలోనూ చూపే, నిరీక్షణలోనూ చూపే. ఒకటి చూసినదాన్ని గురించి, ఇంకోటి చూడబోయేదాన్ని గురించి.

నాకు ఇంకా నచ్చింది "సమాధానము". మామూలు తెలుగులో జవాబు. మీ బైబిల్లో శాంతి కూడా అదే మాట, "సమాధానకర్తయగు అధిపతి" అంటారు కదా క్రిస్మస్‌కి. ఊళ్లో తగాదా తీరితే "సమాధానపడ్డారు" అంటాం. ఈ వచనంలో అర్థం జవాబే, అందులో అనుమానం లేదు. కానీ తెలుగులో చదివేవాడి చెవికి రెండోది కూడా వినపడుతుంది. ఎదుటివాడితో వాదించి గెలిచినది జవాబు కావచ్చు గానీ సమాధానం కాదు. "సాత్వికముతోను భయముతోను" అని ముందే కట్టేశాడు చూడు. పైగా ఆ వచనం మొదలయ్యేదే "నిర్మలమైన మనస్సాక్షి కలిగినవారై" అని. మన సాక్షి అక్కడే ఉన్నాడు, లోపల.

గుణదల, విజయవాడ:
సాక్ష్యం అంటే గుర్తొచ్చింది. పెళ్లి సంబంధాలు మాట్లాడేటప్పుడు "మంచి సాక్ష్యం ఉన్న కుటుంబం" అంటారు కదా. అంటే ఊళ్లో మంచి పేరున్న కుటుంబమని. అక్కడ సాక్ష్యం చెప్పేది మనం కాదు, మన గురించి పక్కింటివాళ్లు.

లక్ష్మీపురం పెద్దాయన:
అది 1 తిమోతి 3:7. "సంఘమునకు వెలుపటివారిచేత మంచి సాక్ష్యము పొందినవాడై యుండవలెను." వెలుపటివారు! బాగా చెప్పావు నాయనా. అయినా నా మాట మీద నేనుంటా. అడిగేదాకా ఆగితే సగంమంది అడగరు. మాస్టారు గారే అడగలేదన్నారు. ఒక అడుగు మనమే ముందు వేయాలి.

గవర్నర్‌పేట వకీలు:
ఆ అడుగు మైకుతో కాకపోతే చాలు, రాత్రి పదింటి తర్వాత అసలే వద్దు.

కొత్తపేట, గుంటూరు:
మా ఇంటికి నడిచివెళ్లేంత దూరంలోనే కుగ్లర్ ఆసుపత్రి. ఆ కుగ్లర్ అనే మిషనరీ డాక్టరమ్మ 1883లో గుంటూరు వచ్చింది, ఆసుపత్రి 1898లో తెరిచారు. అక్కడ మాట కంటే ముందు మందు. పెద్దాయన అన్న ఆ ముందడుగు ఎలా ఉంటుందో పిల్లలకి చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఈ చర్చంతా నిన్న రాత్రి మా మామగారికి చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నారు: "దస్తావేజులో సాక్షి సంతకం పెట్టేవాడికి పొలం సర్వే నంబరు తెలియక్కర్లేదమ్మా, లింకు డాక్యుమెంట్లు చదవక్కర్లేదు. ఫలానావాడు నా కళ్ల ముందు సంతకం పెట్టాడు, నేను చూశాను. అంతే వాడి పని. మిగతా ప్రశ్నలు అడిగితే నాకు తెలియదనాలి. తెలుసని చెప్పినవాడే కోర్టులో ఇరుక్కుంటాడు." మా పిల్లల భయమంతా అదే. ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తే జవాబు రాదేమోనని అసలు నోరే తెరవరు. ఆదివారం ఈ మాట ఆయన చేతే చెప్పిస్తున్నాను.

ఫ్లెక్సీ ఇలా తేలింది: "పలకరించండి. అడిగితే చెప్పండి. మీరు సాక్షులు." మొదటి మాట పెద్దాయన కోసం, రెండోది తెనాలి అక్క కోసం. కింద చిన్న అక్షరాల్లో, ఆ సాక్షుల మాట వచ్చే వచనం, అపొస్తలుల కార్యములు 1:8.

పటమట:
సూపర్ అక్కా. ప్రింటు అయ్యాక ఫోటో పెట్టండి, షేర్ చేస్తా. (పాత అలవాటు.)

కొత్తపేట, గుంటూరు:
ఇప్పుడే షాపు నుంచి వచ్చా. కంప్యూటర్ ముందున్న కుర్రాడు టైపు చేస్తూ ఆగి, "సాక్షులంటే... ఏ కేసులో అండీ?" అన్నాడు. వెనక ఇద్దరు కస్టమర్లు ఉన్నారు. నాకు చెమటలు పట్టాయి. తెనాలి అక్క క్యాషియర్ అమ్మాయి గుర్తొచ్చింది. సరేనని చెప్పడం మొదలుపెట్టా. మా పాప పుట్టినప్పుడు జరిగింది ఒక్కటే చెప్పా, ఓ ఐదు నిమిషాలు పట్టింది. గొంతు వణికింది, మధ్యలో ఒక చోట పేరు తప్పు చెప్పి మళ్లీ దిద్దుకున్నా. వెనకాయన ఫోన్ చూసుకుంటూనే ఉన్నాడు. కుర్రాడు మాత్రం మౌస్ వదిలేసి విన్నాడు. అంతా అయ్యాక "పాప ఇప్పుడు ఎన్నో క్లాసు అండీ?" అని అడిగాడు. ఏడో తరగతి అన్నాను.

ఆ తర్వాత సైజు ఆరు బై నాలుగా, ఎనిమిది బై నాలుగా అని అడిగాడు. మాస్టారూ, "సాక్షులు" కింద గీత గీయించనా, వద్దా?