ఎండలో తిరిగాక ఏఎఫ్ఎస్ లైటు వెలుగుతోంది, హెడ్‌లైట్లు మార్చాలా?

ప్రశ్న: నా కారులో ఏఎఫ్ఎస్ (స్టీరింగ్‌ను బట్టి హెడ్‌లైట్లను తిప్పే సిస్టమ్) ఉంది. మలుపుల్లో హెడ్‌లైట్లు తిరగడం లేదు, లో బీమ్ కిందికి వాలిపోయింది. పొద్దున బాగానే ఉంటుంది, మధ్యాహ్నం ఎండలో దుమ్ము రోడ్డు మీద నడిపాక హెచ్చరిక లైటు వస్తుంది. యూనిట్ మొత్తం మార్చక తప్పదా?

జవాబు: అప్పుడే యూనిట్ జోలికి పోకండి. లోపం కనిపిస్తే ఎదుటివాళ్ల కళ్లలో పడకుండా సిస్టమే బీమ్‌ను దించేస్తుంది. ముందు స్కానర్‌తో లోపం కోడ్ చదవండి. ఆ తర్వాత వెనక సస్పెన్షన్ ఆర్మ్ దగ్గరి లెవెల్ సెన్సర్ (కారు ఎంత ఎత్తులో ఉందో కొలిచేది) చూడండి. దాని లింక్ రాడ్ బాల్ జాయింట్లలోకి సన్నటి దుమ్ము చేరి గ్రీజుతో కలిసి ముద్దకడుతుంది, జాయింట్ పట్టేస్తుంది. లింక్ ఊడదీసి చేత్తో ఆడించండి. అనలాగ్ సెన్సర్ అయితే ఇగ్నిషన్ ఆన్ చేసి సప్లై సుమారు 5 వోల్టులుందో లేదో చూడండి. ఆర్మ్ మెల్లగా కదిపితే సిగ్నల్ దాదాపు 0.5 నుంచి 4.5 వోల్టుల మధ్య సాఫీగా మారాలి. మధ్యలో గెంతితే సెన్సర్ పోయినట్టే.

జవాబు: వేడెక్కాకే వస్తోందంటే కనెక్టర్ పిన్నులూ చూడండి. వదులైన పిన్ను వేడికి కాంటాక్ట్ వదిలేస్తుంది. ఎల్ఈడీ యూనిట్‌లో కూలింగ్ ఫ్యాన్ బయటికి వచ్చేదైతే రెక్క వేలితో పట్టుకుని గాలి కొట్టండి, లేకపోతే బేరింగ్ పాడవుతుంది. వెంట్ పొరకు (హెడ్‌లైట్ లోపలి తేమను బయటికి వదిలే పల్చటి పొర) మాత్రం గాలి పెట్టొద్దు, చిరుగుతుంది. మూసుకుపోతే కొత్తది వేయడమే.

జవాబు: సెన్సర్ మార్చాక క్యాలిబ్రేషన్ (కొత్త సెన్సర్ రీడింగ్‌ను సిస్టమ్‌కు సరిచేయడం) చేయకపోతే లైటు మళ్లీ వస్తుంది. సమతలం నేల, సరైన టైరు గాలి, ఖాళీ డిక్కీ, నిటారుగా స్టీరింగ్ ఉండాలి. హెడ్‌లైట్ మీద 1% అని ఉంటే 10 మీటర్ల దూరంలోని గోడపై కటాఫ్ గీత (వెలుగు పై అంచు) ల్యాంప్ ఎత్తు కన్నా 10 సెంటీమీటర్లు కిందుండాలి.