కాంపాక్టర్ మీటర్‌కీ వేబ్రిడ్జికీ 370 కిలోల తేడా, ఎక్కడ వెతకాలి?

ప్రశ్న – బండ్ల షెడ్డు సూపర్‌వైజర్, గుంటూరు జిల్లా

అందరికీ నమస్కారం. మా చెత్త కాంపాక్టర్‌కి (చెత్తను నొక్కి నింపుకునే బండి) బాడీకీ ఛాసిస్‌కీ మధ్య 4 లోడ్ సెల్స్ (బరువును కరెంటు సిగ్నల్‌గా మార్చే సెన్సర్లు) ఉన్నాయి, క్యాబిన్‌లో ఆ బరువు చూపించే మీటర్, అంటే ఇండికేటర్. నెల రోజులుగా తూకం కుదరడం లేదు. నిన్న వేబ్రిడ్జిలో (బండ్లు తూచే పెద్ద కాటా) చెత్త నికర బరువు 6,240 కిలోలు వస్తే మా మీటర్ 5,870 చూపించింది. పైగా బండి కడిగిన మర్నాడు పొద్దున ఖాళీ బండికే 180 చూపిస్తోంది. ఎండెక్కాక అది 40కి దిగుతోంది. కాలిబ్రేషన్ (తెలిసిన బరువుతో మీటర్ అంకెలు సరిచేయడం) మళ్లీ చేయించమని ఒకరు, బండి ఏటవాలులో ఆపుతున్నారని ఇంకొకరు అంటున్నారు. బిల్లు టన్నుల లెక్కన కాబట్టి చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు – కాటాల మెకానిక్

ముందు కాలిబ్రేషన్ జోలికి వెళ్లకండి అన్నా. జబ్బు లోపలే ఉండగా అంకెలు సరిచేస్తే ఈ వారం కలుస్తుంది, వచ్చే వారం మళ్లీ తప్పుతుంది. ఈసారి తేడా ఎటు పోతుందో కూడా తెలియదు.

ఏటవాలు సంగతి లెక్క వేసి చూడండి. 5 డిగ్రీల వాలులో 6 టన్నులకు తగ్గేది 23 కిలోలే. 370 కిలోలు తగ్గాలంటే దాదాపు 20 డిగ్రీల వాలు కావాలి. అలాంటి చోట లోడు బండిని ఏ డ్రైవరూ ఆపడు.

నాకైతే ఇవి రెండు వేర్వేరు జబ్బులు అనిపిస్తోంది. లోడు మీద తక్కువ చూపిస్తోందంటే కొంత బరువు సెల్ మీద పడకుండా పక్కదారిన ఛాసిస్‌లోకి దిగుతోంది. బాడీకీ ఛాసిస్‌కీ మధ్య సందులో చెత్త ఇరుక్కుని గట్టిపడితే జరిగేది ఇదే. టార్చి వేసి నాలుగు మూలలా చూడండి, సన్నటి ఇనుప చువ్వ సందులో ఆ చివర నుంచి ఈ చివరకు అడ్డు లేకుండా పోవాలి. టెయిల్‌గేట్ (వెనక తలుపు) ఎత్తి పనిచేస్తే అది కిందకు పడకుండా ఆపే సేఫ్టీ స్టే పెట్టి, ఇంజిన్ ఆపి, తాళం మీ జేబులో ఉంచుకోండి. హైడ్రాలిక్‌ని నమ్మి మనిషిని కిందకు పంపొద్దు.

కడిగాక సున్నా జరిగి, ఎండకు వెనక్కి వస్తోందంటే తడి. సెల్స్ వైర్లన్నీ కలిసే జంక్షన్ బాక్స్ మూత తీసి చూడండి. 5 టన్నుల సెల్, 2 మిల్లీవోల్ట్ పర్ వోల్ట్ రకం (నిండు బరువుకు సప్లై ప్రతి వోల్టుకూ 2 మిల్లీవోల్టుల సిగ్నల్), 5 వోల్టుల సప్లై అనుకుంటే నిండు బరువుకు వచ్చేది 10 మిల్లీవోల్టులే, అంటే 100 కిలోలకు 0.2 మిల్లీవోల్టు. అంత చిన్న సిగ్నల్‌ని తప్పించడానికి ఒక్క నీటి చుక్క చాలు.

బాక్స్ ఆరబెట్టాక ఇండికేటర్ ఆపి, ఒక్కో సెల్ వైర్లు విడదీసి మల్టీమీటర్ పెట్టండి. 350 ఓమ్స్ సెల్ అయితే సిగ్నల్ జత మధ్య 350 దగ్గర, సప్లై జత మధ్య ఇంకొంచెం ఎక్కువ రావాలి. తర్వాత వైరుకీ సెల్ ఒంటికీ మధ్య మెగా ఓమ్స్ రేంజిలో చూడండి. మంచి సెల్‌కి మామూలు మీటర్ ఏ అంకే చూపించదు. అంకె ఏదైనా నిలబడితే ఆ సెల్ లోపలికి తడి వెళ్లినట్టే. 500 వోల్టుల మెగ్గర్ (ఎక్కువ వోల్టేజితో ఇన్సులేషన్ చూసే మీటర్) మాత్రం పెట్టొద్దు, సెల్ పాడవుతుంది.

జవాబు – వేబ్రిడ్జి ఆపరేటర్

ఒక మాట. వేబ్రిడ్జిలో మీ బండి ఖాళీ బరువు ఎప్పటిది? పాత టేర్‌నే (ఖాళీ బరువు) తీసేస్తుంటే మధ్యలో డీజిల్, ఎక్కిన మనుషులు అంతా చెత్త బరువులో కలిసిపోతుంది. ముగ్గురు ఎక్కితేనే 200 కిలోలు. నిండుగా, ఖాళీగా రెండుసార్లూ అదే రోజు తూయించండి. రెండుసార్లూ మనుషులు దిగాలి.

ప్రశ్న అడిగినవారు – మూడు రోజుల తర్వాత

అన్నా, మీరు చెప్పిందే. వెనక కుడి మూల సందులో సగం ఇటుక, దాని చుట్టూ నల్లగా గడ్డకట్టిన గుడ్డ పీలికలు. చువ్వ అక్కడే ఆగిపోయింది. జంక్షన్ బాక్స్ తీస్తే మూత లోపలివైపు చెమట పట్టినట్టు చుక్కలు, రెండు టెర్మినళ్లు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. కేబుల్ దూరే చోట రబ్బరు వాషరే లేదు. కడిగేవాడు ప్రెజర్ గన్ నేరుగా అక్కడే కొడుతున్నాడు. సెల్స్ నాలుగూ బాగానే ఉన్నాయి. సందు శుభ్రం చేసి, వాషర్ వేసి, టెర్మినళ్లు మార్చాం. టేర్ కూడా అదే రోజు తీయించాం. ఇవాళ వేబ్రిడ్జి 5,960, మా మీటర్ 5,940.

వచ్చే వారం టెయిల్‌గేట్ కీలు దగ్గర వెల్డింగ్ ఉంది. జాగ్రత్తలేమైనా?

జవాబు – కాటాల మెకానిక్

చాలా సంతోషం అన్నా. మీటర్‌తో బిల్లు కడుతున్నారు కాబట్టి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. సీలు మీరు తెంచకండి, కాలిబ్రేషన్ అవసరమైతే లైసెన్సు ఉన్నవాళ్లే చేయాలి.

వెల్డింగ్‌కి ముందు ఇండికేటర్ ప్లగ్గు, నాలుగు సెల్స్ వైర్లు తీసేయించండి. ఎర్త్ క్లాంపు వెల్డింగ్ చేసే ముక్కకే, పక్కనే పెట్టాలి. ఛాసిస్‌కి పెడితే కరెంటు సెల్ గుండా పోతుంది, సెల్ అక్కడితో సరి. ఈ పొద్దు నుంచే ఒక నోటుబుక్కు క్యాబిన్‌లో పెట్టండి. రోజూ మొదటి ట్రిప్పుకు ముందు ఒకే చోట బండి ఆపి, సున్నా బటన్ నొక్కకుండా ఖాళీ అంకె రాయించండి. వెల్డింగ్ అయ్యాక అంకె మారితే ఆ రోజే ఇక్కడ రాయండి, చూద్దాం.