స్పానిష్ ఫారంలో సీమన్‌కి ఏ మాట రాయాలి?

భావనపాడు_అన్న: మా తమ్ముడు ఓడ మీద ఏబీ, అంటే ఏబుల్ సీమన్. దక్షిణ అమెరికా కంపెనీ ఒకటి పంపిన ఫారం మొత్తం స్పానిష్‌లో ఉంది. వృత్తి గడిలో ‘మరినేరో’ రాయాలా, ‘మరీనో’ రాయాలా? ఫోన్‌లో చూస్తే ఒకసారి అది, ఒకసారి ఇది. సీడీసీ (సీమన్ సర్వీసు పుస్తకం) కాపీ మీద నోటరీ కూడా వేయించాలా? ఎల్లుండే ఆఖరు, టెన్షన్‌గా ఉంది.

ఆయిలర్_కళింగపట్నం: ఏది రాసినా ‘పెస్కదోర్’ మాత్రం రాయకండి. కార్గో షిప్పు ఇంజిన్ రూంలో మూడేళ్లు నూనెలో మునిగినవాణ్ణి నేను. మా ఏజెంటు "మీ ఊళ్లో అందరూ చేపలే కదా పట్టేది" అని అదే రాసేశాడు. ఫైలు వెనక్కొచ్చింది. నలభై రోజులు ఇంట్లో కూర్చున్నా. మా ఆయిలర్లకు అసలు మాట ‘ఎంగ్రసదోర్’ అట, తర్వాత తెలిసింది.

బోసన్_22ఏళ్లు: 22 ఏళ్లు ఓడల మీద తిరిగాను, నా మాట వినండి. తాళ్లు లాగి, తుప్పు గీకి, రంగు వేసేవాడు మరినేరో. మరీనో అంటే సముద్రం మీద బతికే ఎవరైనా కావచ్చు, ఆఫీసరూ నేవీవాడూ కూడా. ఏబీకి ‘మరినేరో దె ప్రిమేరా’. నాలాంటి బోసన్ ‘కొంత్రమాయెస్త్రే’, అంటే మన సరంగు. ఇందులో ఇక డౌట్లేం లేవు.

బుడగట్లపాలెం_మనవడు: ఉన్నాయి గురూ. సరంగు అంటే లాంచీ నడిపేవాడు, బోసన్ ఎలా అవుతాడు?

బోసన్_22ఏళ్లు: గోదావరి లాంచీలో నడిపేవాడే. పెద్ద ఓడ మీద కళాసీలకు పెద్ద సరంగు. తెలియకపోతే అడగాలి.

బుడగట్లపాలెం_మనవడు: అడగడానికేటి, మా తాత తండేలు! ఆయన్ని ఏమంటారో చెప్పండి. కెప్టెన్ కాదా?

బోసన్_22ఏళ్లు: కాదు. చేపల బోటు పెద్దని ‘పత్రోన్’ అంటారు. పత్రోన్ ఉన్నచోట మరినేరో పెత్తనం చెల్లదని వాళ్ల సామెత.

బుడగట్లపాలెం_మనవడు: తండేలంటే బోటు తోలేవాడే కాదు సార్. కుర్రాళ్లను పోగేసి, అడ్వాన్సులిప్పించి గుజరాత్‌లోని వేరావల్ తీసుకెళ్లేవాడు. 2018లో పాకిస్తాన్ వాళ్లకు చిక్కినవాళ్లలో మనవాళ్లు 20 మంది 2020 జనవరిలో వాఘా దాటొచ్చారు. పేపర్లో అందరూ మత్స్యకారులే. తండేలెవరో కళాసీ ఎవరో అడిగిన నాథుడు లేడు. ఇక్కడేమో స్పానిష్ మాట కోసం కొట్టుకుంటున్నాం.

విజయనగరం_అక్క: మీ గొడవ తర్వాత. మా చెల్లి డెక్ క్యాడెట్, అంటే ఓడ ఆఫీసరు ట్రైనీ. ‘మరీనా’ అంటే నేవీ అని వస్తోంది, ‘మరినేరా’ కొడితే పెరూ డాన్సు వీడియోలు! తనకేం రాయాలి?

పూసపాటిరేగ_సెకండ్‌మేట్: క్యాడెట్‌కి ఆ రెండూ వద్దమ్మా. ‘అలుమ్నా దె పుయెంతె’ రాయండి. పుయెంతె అంటే ఓడ బ్రిడ్జి, ఓడను నడిపే గది. ఎవరికైనా సరే, సీడీసీలో ఉన్న ర్యాంకేదో దానికి సరిపోయే మాటే రాయాలి. గొప్ప కోసం మరీనో అని పెడితే ఆ తేడా ఏంటని అడుగుతారు.

బోసన్_22ఏళ్లు: నేను చెప్పిందీ అదే కదా.

ఆయిలర్_కళింగపట్నం: మీరు ర్యాంకు ఊసే ఎత్తలేదు.

భావనపాడు_అన్న: మరినేరో దె ప్రిమేరా రాసి పంపేశాం. నోటరీ సంగతి ఒక్కరూ చెప్పలేదు. ఎందుకైనా మంచిదని పలాస వెళ్లి వేయించుకొచ్చాం.

విజయనగరం_అక్క: పలాస వెళ్లారా? జీడిపప్పు గుండ్లు కిలో ఎంతున్నాయి?