38 చార్టులూ ఒకేలా ఉన్నాయి, గోడ మీద కూడా నిలవట్లేదు, ఏం చెయ్యాలి?

విశాఖ టీచర్:
నమస్తే అండీ. మధ్యాహ్నం నుంచి దీని మీదే కూర్చున్నాను, రాత్రి పదయ్యింది. "మన సముద్రం" అని పిల్లలకి ప్రాజెక్టు ఇచ్చి మీకు నచ్చినట్టు చెయ్యండి అన్నాను, తీరా చూస్తే 38 చార్టులూ ఒకటే, ఆర్కే బీచ్, కురుసుర సబ్‌మెరైన్, డాల్ఫిన్స్ నోస్, నెట్ సెంటర్లో ప్రింట్ తీసిన అవే బొమ్మలు, కింద అవే నాలుగు లైన్లు. పైగా రాత్రి అంటిస్తే పొద్దున్నకి కింద పడుంటున్నాయి, టేపు మార్చినా అంతే. శనివారం తల్లిదండ్రులొస్తారు. పిల్లలు నేర్చుకున్నది కనపడాలంటే ఎలాగండీ?

సైన్స్ సార్:
ఏ క్లాసు? గోడ సున్నమా, పెయింటా?

గాజువాక అన్నయ్య:
ముందు ఒక మాట మేడమ్, దయచేసి వాటిని లామినేషన్ చేయించకండి, థర్మాకోల్ వద్దు, మెరుపుల పొడి అసలొద్దు, అదీ ప్లాస్టిక్కే, గది ఊడ్చి కడిగితే కాలవలోంచి గెడ్డలోకి, గెడ్డలోంచి సముద్రంలోకే పోతుంది. సముద్రం గురించి పాఠం చెప్తూ సముద్రంలోకే చెత్త వదలడం ఏటండీ.

తెలుగు పండిట్:
నెట్‌లో ఉన్నది అంటించి తెస్తే ప్రాజెక్టు పని అనకూడదు. కృత్యం వేరు, ప్రాజెక్టు పని వేరు. ప్రాజెక్టు పని అంటే పిల్లాడు సమాచారం సేకరించాలి, పట్టిక వేసుకోవాలి, తనేం అనుకుంటున్నాడో రాయాలి.

మధురవాడ మేడమ్:
పేరు ఏదన్నా పెట్టండి సార్, వాడు వెళ్ళి ఎవర్ని అడిగొచ్చాడు అన్నదే నాకు ముఖ్యం.

తెలుగు పండిట్:
పేరు సరిగ్గా లేకపోతే పని కూడా సరిగ్గా ఇవ్వలేమమ్మా, నేననేది అదే.

విశాఖ టీచర్:
ఏడో తరగతి, సోషల్. సున్నం గోడ, అద్దె బిల్డింగు, మేకులు కొట్టనివ్వరు. ఇంకోటి చెప్పలేదు, వాళ్ళకి అర్థం కాదేమోనని నమూనాకి నేనే ఒక చార్టు చేసి బోర్డు పక్కన పెట్టాను.

సైన్స్ సార్:
పిల్లలు దాన్నే చూసి దించేశారు. తీసెయ్యండి.

భీమిలి టీచర్:
నేనూ మొదట్లో ఇలాగే నమూనా పెట్టేదాన్ని. మేడమ్, "మన సముద్రం" అంటే వాళ్ళు అడగడానికి ఏమీ లేదు, బొమ్మ అంటించడం తప్ప. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట ఆపుతారు కదా, ఆ రోజుల్లో మీ వీధిలో ఏం మారుతుంది అని నేనడిగాను. జాలరిపేట పిల్ల వాళ్ళ నాన్న వల బాగుచేసుకోడం గీసింది, ఇంకొకడు చేపల రేట్లు రాసుకొచ్చాడు, ఒకడైతే మా ఇంట్లో ఏమీ మారదు అని రాసి ఎందుకు మారదో కూడా రాశాడు, నాకదే అన్నిటికంటే నచ్చింది. సబ్‌మెరైన్ కూడా అంతే, బొమ్మ ఎందుకు, అది 91 మీటర్ల పైనే పొడవు, మన గ్రౌండులో పడుతుందా అని అడుగులేసి కొలవమనండి. శనివారానికి కొత్తవి చేయించే టైం లేదు కాబట్టి ఉన్న చార్టు కిందే ఒక్కో చీటీ పెట్టించండి, ముందు నేనేం అనుకున్నాను, ఎవర్ని అడిగాను, ఇప్పుడేం తెలిసింది, వాడి చేతిరాతతోనే, తప్పులుంటే ఉండనివ్వండి. గోడ సంగతి, మన సముద్రపు గాలి చెమ్మకి తోడు సున్నం పొడి టేపుకి అంటుకుని వచ్చేస్తుంది, ఏ టేపూ ఆగదు. కిటికీ ఊచలకి తాడు కట్టి బట్టల క్లిప్పులు పెట్టండి. నేను ఫిషింగ్ హార్బర్‌లో పాత వల అడిగి తెచ్చాను, దానికే తగిలిస్తాం. పిల్లల కళ్ళ ఎత్తులో కట్టండి, పైకి వద్దు.

గాజువాక అన్నయ్య:
నైలాన్ వల కూడా ప్లాస్టిక్కేనండీ.

భీమిలి టీచర్:
వాళ్ళు పారేసేదే తెచ్చుకున్నాం సార్.

మధురవాడ మేడమ్:
ఒక్కొక్కడు ఒక్కోటి రాస్తే మార్కులెలా వేస్తారు? ప్రాజెక్టు పనికి మార్కులు ఎక్కించాలి కదా.

తెలుగు పండిట్:
అందుకే చెప్పాను, ముందు ప్రాజెక్టు పని అంటే ఏంటో తేల్చుకోవాలని.

విశాఖ టీచర్:
తాడు కట్టాను, ఆగాయి. నమూనా తీసేశాను. చీటీలు రేపు రాయిస్తా. థాంక్సండీ అందరికీ.

మధురవాడ మేడమ్:
మరి మార్కుల సంగతి?